పప్పులో కాలు

మాంసం మానేసినవాణ్ణి మనవాళ్ళు రెండు విధాలుగా చూస్తారు. అయితే స్వాములవారిని చూసినట్టు, లేకపోతే రోగిష్టివాణ్ణి చూసినట్టు. నాలుగు నెలలు తిరక్కుండా నాకు ఈ రెండు మర్యాదలూ జరిగాయి. మొదటిది సంక్రాంతి వెళ్ళగానే, రెండోది శ్రీరామనవమి పందిట్లో.

మాది పాలకొల్లు దగ్గర ఒక పల్లెటూరు. ముప్ఫైనాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా ఇంట్లో శాకాహారమంటే శనివారాలూ, కార్తీక సోమవారాలూ, పెద్దల తద్దినాలూను. మిగతా రోజుల్లో గోదావరి కాలవలు ఏది ప్రసాదిస్తే అది. మా ఆవిడ బొమ్మిడాయిల పులుసు పెడితే పక్కవీధి వాళ్ళకి కూడా ఆ పూట ఆకలెక్కువయ్యేది. ఇలాంటి ఇంట్లో పుట్టి, పెరిగి, అరవైనాలుగో ఏట నేను మాంసం, చేప, గుడ్డు ఒక్కసారిగా ఎందుకు వదిలేశానో ముందు చెప్పాలి. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

2022 వేసవిలో మా పెట్ట పొదిగిన పిల్లల్లో ఒకటి మంచి పుంజయింది. దసరా సెలవులకి మా మనవడు చంటి రాజమండ్రి నుంచి వచ్చి దానికి ‘లెక్కల మాస్టారు’ అని పేరు పెట్టాడు. అది నడిచేటప్పుడు ఛాతీ ముందుకి పెట్టి, ఒక్కొక్క అడుగే వేస్తూ, మధ్యమధ్య ఆగి ఎవరో తప్పు చేసినట్టు తల పక్కకి తిప్పి చూసేది. నేను క్లాసులో అలాగే నడిచేవాణ్ణని మా ఆవిడ సాక్ష్యం చెప్పింది. చంటికి అప్పుడు తొమ్మిదో ఏడు. సెలవులయ్యాక కూడా ఫోనులో ముందు దాని యోగక్షేమాలడిగి, తరవాత నావి అడిగేవాడు.

2023 సంక్రాంతికి అల్లుడూ అమ్మాయీ హైదరాబాదు నుంచి వచ్చారు. కనుమనాడు మినుము తినాలంటారు కదా. మినప గారె అన్నాక దాని పక్కన నాటుకోడి పులుసు లేకపోతే మా వైపు అల్లుడి మొహం చూడలేం. మా ఆవిడ ‘ఆ పుంజు ఉందిగా’ అంది. నేను ‘ఉందిగా’ అన్నాను. పిల్లవాడు గాలిపటాలకి వెళ్ళిన సమయం చూసి పని కానిచ్చేశాం. మధ్యాహ్నం అందరం కలిసి భోంచేశాం. గారెలు ఎంత బాగా కుదిరాయో ఇప్పటికీ గుర్తుంది.

సాయంత్రం చంటి గుప్పిట్లో చారెడు నూకలు పట్టుకుని పెరడంతా తిరుగుతున్నాడు. తిరిగి తిరిగి నా పడక్కుర్చీ దగ్గరికి వచ్చాడు. వాడికి ఎవరు చెప్పారో, చెప్పకుండానే తెలిసిందో నాకు తెలీదు.

“తాతయ్యా, నువ్వు తిన్నావా?” అన్నాడు.

“తిన్నాన్రా.”

వాడు కాసేపు ఊరుకుని, “అయితే నేనూ తిన్నానా?” అన్నాడు.

ముప్ఫైనాలుగేళ్ళలో ఏ కుర్రవాడి ప్రశ్నకీ నేను అలా నోరు మూసుకుని కూర్చోలేదు. రాత్రి వాడు పడుకునే ముందు పక్కలో కూర్చుని, “ఇకమీదట నేను తినను రా” అన్నాను. “నేనూ తినను” అని వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతే. ఇందులో వేదాంతమేమీ లేదు.

ఊళ్ళో నా గౌరవం పెరిగింది. మా ఆవిడ మాత్రం, “మాట మీరిచ్చారు, నేనివ్వలేదు” అని తన చేపలు తాను పెరటి పొయ్యి మీద వండుకునేది. నా వంట వేరు. ఆ వేరు వంట ఏమిటంటే, ఇదివరకు వండిన దాంట్లోంచి చేప తీసేస్తే మిగిలినదే. చేప ఉన్న చోట ఒక అప్పడం పెట్టింది. ఆదివారం ఇగురు ఉన్న చోట బంగాళాదుంప వేపుడు వచ్చింది. కూర చాలకపోతే ఆవకాయ కలుపుకుని ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ణి. ఒళ్ళు తేలికయినట్టుంటే, సాత్వికాహారం మహిమ అనుకున్నాను. పంచె కట్టు జారిపోతుంటే అదీ మహిమే అనుకున్నాను.

మార్చి ఆఖరుకి శ్రీరామనవమి వచ్చింది. పందిట్లో చాప మీద కూర్చుని కల్యాణం చూశాను. పానకం తాగాను. వడపప్పు దోసిట్లో పోయించుకున్నాను. లేవబోతే కాళ్ళు లేవలేదు. ఒక మోకాలు ఎత్తి, రెండోది ఎత్తబోయి, పక్కకి ఒరిగిపోయాను. నలుగురూ పట్టుకుని లేపారు. “మాస్టారికి నీరసం వచ్చేసిందర్రా, పాపం మాంసం మానేశారుట” అని వెనకనించి ఎవరో అన్నారు. దోసిట్లో వడపప్పు ఉండగా మాంసకృత్తులు చాలక పడిపోయిన మనిషి ఈ గోదావరి జిల్లాల్లో నేనొక్కణ్ణే కాబోలు. ఆ సంగతి అప్పటికి నాకు తెలీదనుకోండి.

భీమవరంలో డాక్టరు నా శిష్యుడే. లెక్కల్లో అంతంతమాత్రం. బరువు చూస్తే సంక్రాంతికి అరవై ఆరు కిలోలున్నవాణ్ణి అరవై రెండయ్యాను. షుగరు మూడు నెలల సగటు పెరిగింది. “తేలికయ్యానని మీరు మురిసింది కండ పోయి, మాస్టారూ” అన్నాడు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా అయిదుసార్లు లేచి కూర్చోమన్నాడు. రెండోసారికే చేతులు ఆనించాను.

అప్పుడు ఏం తింటున్నారని అడిగాడు. చెప్పాను. విని, “స్థానం విలువల పాఠం మీరే చెప్పారు కదండీ! ఒక అంకె తీసేస్తే ఆ స్థానంలో ఏదో ఒకటి వెయ్యకపోతే సంఖ్య మారిపోతుందని. మీరు చేప తీసేసిన స్థానంలో అన్నం వేశారు. అందుకే కండ తగ్గింది, షుగరు పెరిగింది” అన్నాడు. కుర్రవాడు ఆ రోజుల్లో పాఠం వినలేదనుకున్నాను, విన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. రక్తంలో బి12 విటమిన్ తక్కువగా ఉంది. అది నాలుగు నెలల శాకాహారం వల్ల రాదుట. దాని నిల్వ కాలేయంలో ఏళ్ళ తరబడి ఉంటుందిట. ఏళ్ళుగా నేను మింగుతున్న మెట్‌ఫార్మిన్ మాత్రలు దాన్ని ఒంటికి పట్టనివ్వకుండా చేస్తాయిట. పాలూ పెరుగూ దండిగా తీసుకునే శాకాహారికి కొంత దొరుకుతుంది గాని, ఆకుల్లో, పప్పుల్లో అసలు ఉండదు. ఇడ్లీ పిండి పులిస్తే అందులో పుడుతుందని మా వీధిలో ఒకాయన నాకు బోధించి ఉన్నాడు. దాన్ని నమ్ముకోవద్దని డాక్టరు మాత్రలు రాసిచ్చాడు.

ఇక మాంసకృత్తులు. ఇప్పుడు అందరూ ప్రోటీన్లనే అంటున్నారు గాని, మేము చదువుకున్న పుస్తకాల్లో మాంసకృత్తులనే ఉండేది. ఆ పేరే నన్ను ముంచింది. మాంసంతో పాటు మాంసకృత్తులు కూడా పోతాయి కాబోలు, దానికి మనం చేసేదేముంది అనుకున్నాను. డాక్టరు చెప్పిన సూత్రం చాలా సులువైనది: శరీరం ఎన్ని కిలోలో రోజుకి అన్ని గ్రాములు. 2020లో మన వైద్య పరిశోధనా మండలి వేసిన లెక్కలో అరవై అయిదు కిలోల మగవాడికి 54 గ్రాములు, అంటే కిలోకి 0.83 చొప్పున. కాని అన్నం, రొట్టె ముఖ్యంగా తినేవాళ్ళకి కిలోకి ఒక గ్రాము వేసుకోవడం మంచిదని కూడా వాళ్ళే అన్నారు. వయసు మళ్ళినవాళ్ళకి అంతకి తగ్గకూడదు. మూత్రపిండాల పరీక్ష బాగానే ఉంది కనక నాకు 62 గ్రాములు ఖాయం చేశాడు.

“పప్పు రోజూ తింటున్నాను కదయ్యా” అన్నాను.

“ఎంత?” అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు ఇంటికొచ్చి మా ఆవిణ్ణి అడగాల్సి వచ్చింది. ఆవిడ డబ్బాలోంచి చారెడు కందిపప్పు తీసి చూపించింది. పాలేరూ, పనిమనిషీ కలిసి నలుగురికి అంతే. తూచి చూస్తే అరవై గ్రాములు. మనిషికి పదిహేను! దాంట్లో మాంసకృత్తులు మూడు గ్రాములు. చింతపండు పులుసూ, చెంబుడు నీళ్ళూ పోసి మరిగిస్తే గిన్నెడు పప్పుచారవుతుంది. గిన్నె నిండుగా కనిపిస్తుంది కనక కడుపులోకి పప్పు వెళ్ళిందనుకుంటాం. “పప్పు ధర మీకేం తెలుసు?” అంది మా ఆవిడ. అదీ నిజమే. ధర పెరిగినప్పుడల్లా ఆ చారు ఇంకొంచెం పలచబడుతూ వచ్చింది, మేమెవ్వరం గమనించలేదు.

కోడి తన కోసమే కోయించామన్న బాధ మా అల్లుడికి లోలోపల ఉంది. అంచేత నేనడగ్గానే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థకి వెళ్ళి, 2017లో వాళ్ళు వేసిన ఆహార పదార్థాల పట్టికల పుస్తకం కొని పంపించాడు. ఆ సంస్థకీ మా కోస్తా జిల్లాలకీ ఒక పాత చుట్టరికం ఉంది. 1918లో కూనూరులో మెకారిసన్ దొర బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకి ఒక చిన్న గది తెరిచాడు. అదే పెరిగి పెరిగి 1958లో హైదరాబాదు చేరింది. ఆ బెరిబెరి ఉత్తర సర్కారుల్లో, అంటే మా గోదావరి, కృష్ణా డెల్టాల్లో, మర పట్టిన తెల్లబియ్యం మీద మోజుతో బతికిన మా తాతలనాటి జబ్బే. మల్లెపువ్వులాంటి అన్నం మీద మాకున్న ప్రేమ నూరేళ్ళయినా తగ్గలేదన్న మాట.

నోటుబుక్కు తీసి గళ్ళు గీశాను. నేను రోజంతా తింటున్న అన్నానికి బియ్యం పావుకిలో, దాంట్లో ఇరవై గ్రాములు. పొద్దున్న మూడు ఇడ్లీలకి ఆరు. చారులో పప్పు మూడు. కాఫీలో పాలూ, పలచటి మజ్జిగా కలిపి ఆరు. కూరలు మూడు. మొత్తం ముప్ఫై ఎనిమిది. కావలసింది అరవై రెండు. ముప్ఫైనాలుగేళ్ళ సర్వీసులో ఏ కుర్రవాడూ ఇంత స్పష్టంగా ఫెయిలవడం నేను చూడలేదు.

ఇంతలో మే నెల వచ్చింది. కోడలు చంటిని తీసుకుని సెలవులకి వచ్చింది. కారు దిగిన పిల్లవాణ్ణి చూసి మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. వాడు సంక్రాంతి నాటి మాట మరిచిపోలేదు. కోడి లేదు, చేప లేదు, గుడ్డు లేదు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక కోడలు వచ్చి ఎదురుగా కూర్చుంది. బ్యాంకులో పని చేస్తుంది, మాట తూచినట్టుంటుంది.

“మావయ్యగారూ, ఆరు నెలల్లో వాడు అరకిలో కూడా పెరగలేదు. మధ్యాహ్నం క్లాసులో నిద్రపోతున్నాడుట. మీ మాట మీరు నిలబెట్టుకోండి, నేను కాదనను. వాడి చేత ఎందుకు నిలబెట్టిస్తారు?”

నేను నిలబెట్టించడం లేదమ్మా అనబోయాను. కాని వాడు ఎవర్ని చూసి పట్టుదల పట్టాడో ఇద్దరికీ తెలుసు. “ఈ సెలవులు నాకు వదిలెయ్యి తల్లీ” అన్నాను. ఆవిడ కొంచెంసేపు ఆలోచించి, “బడి తెరిచే లోపల అరకిలో పెరగాలి. పెరక్కపోతే మీరే వాడికి చెప్పాలి, ఆ మాట పోయిందని” అంది. సరేనన్నాను. చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. పిల్లవాడి దగ్గరికెళ్ళి “తాతయ్య మాట ఉత్తిదేరా” అని ఎలా చెప్పడం?

మర్నాడు వాడు రాజమండ్రిలో ఏం తింటాడో కోడలి చేత చెప్పించి రాసుకున్నాను. పొద్దున్న హడావిడిగా రొట్టెముక్కా జామూ. బాక్సులో నిమ్మకాయ పులిహోర. సాయంత్రం చిప్స్, బిస్కట్లు. రాత్రి నిద్రమత్తులో నాలుగు ముద్దల పెరుగన్నం. ఇదివరకు మధ్యలో గుడ్డు ఉండేది, కోడికూర ఉండేది. అవి పోయాయి. వాటి చోటు ఖాళీ. చెబుతూ చెబుతూ ఆవిడ మధ్యలో ఆగిపోయింది. “మీ అత్తయ్యా, నేనూ ఇక్కడ చేసింది కూడా అదేనమ్మా” అన్నాను. ఆ తరవాత మా ఇద్దరి మధ్యా వాదం లేదు.

పట్టిక ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకి రోజుకి 23 గ్రాములు చాలు. చూడ్డానికి ఎంత? రెండు గ్లాసుల గేదె పాలే పద్నాలుగు ఇస్తాయి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పిల్లవాడు మొత్తం తిండే తక్కువ తింటే, తిన్న మాంసకృత్తుల్ని కూడా ఒళ్ళు కట్టెల్లా తగలేసుకుంటుంది. పొయ్యిలోకి పుల్లలు చాలక ఇంటి దూలాలు పీకి వండుకున్నట్టు. అంచేత ముందు వాడికి ఆకలి పుట్టాలి. చిప్స్ పొట్లాలు కొట్టు దగ్గరే ఆపించాను. కాలవ గట్టున సైకిలు తొక్కించాను. ఎండ తగ్గాక వచ్చేవాడు, వంటింట్లోకి తిన్నగా.

మా ప్రయోగాలన్నీ ఏకరువు పెడితే మీకు విసుగు. కొన్ని చెబుతాను. మొదటి ఉత్సాహంలో నేను ఒకే రోజు పొద్దున్న పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, సాయంత్రం ఉలవ గుగ్గిళ్ళు, రాత్రి సెనగల కూర తిన్నాను. ఆ రాత్రి మా ఆవిడ దిండు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. రెండో రోజూ హాల్లోనే. మూడో రోజు డాక్టరుకి ఫోను చేస్తే, “అలవాటు లేని పొట్టండీ, వారానికి కొంచెం చొప్పున పెంచాలి. సెనగలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికించండి” అన్నాడు. ఇంగువా, అల్లమూ మా ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. రెండు వారాలకి దిండు తిరిగి వచ్చింది.

ఉలవల సంగతి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఉలవచారంటే ప్రాణమిచ్చే జిల్లాలు మావి. ఉలవలు ఉడకబెట్టి, నీళ్ళు వంచి, ఆ నీళ్ళు చారు కాచుకుంటాం. ఉడికిన ఉలవలు ఎడ్లకి పెడతాం. ఉలవల్లో నూటికి ఇరవై ఒక్క పాళ్ళు మాంసకృత్తులు. వాటిలో చాలా భాగం ఎడ్ల వాటాకే వెళ్ళింది, మనకి రుచి మిగిలింది. వాటికి ఆ కండలు ఊరికే రాలేదు.

మీల్‌మేకర్ కూర వండిన రోజు చంటి కంచంలోకి వంగి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముక్క నలిపితే పీచులా విడింది. “తాతయ్యా, ఇది అది కాదు కదా?” అన్నాడు. సోయా చిక్కుళ్ళ నుంచి నూనె తీసేశాక మిగిలిన పిండితో చేస్తారనీ, నూటికి యాభై పాళ్ళు మాంసకృత్తులే అనీ, పొట్లం మీది అక్షరాలు చదివించాను. అంతా విని, నమ్మి, అయినా తినలేదు. నేనూ బలవంతపెట్టలేదు.

వాడికి నచ్చినవి వేరే ఉన్నాయి. ఉప్మా పెసరట్టు. నిమ్మకాయ పిండిన సెనగ గుగ్గిళ్ళు. ఆ పులుపు గింజల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి సాయం చేస్తుంది కూడాను. భోజనం మీద వెంటనే టీ తాగితే దానికి అడ్డు తగులుతుందిట, నా పదకొండు గంటల టీ అలా వాయిదా పడింది. అచ్చమైన బెల్లంతో వేరుశెనగ పప్పుచెక్క. అన్నిటికంటె ముఖ్యం సున్నుండ. పొట్టు మినుములు దోరగా వేయించి, విసిరి, బెల్లమూ నెయ్యీ కలిపి మా ఆవిడ కట్టిన సున్నుండ ఒక్కొక్కదానిలో మూడు గ్రాములు. వాడు పొద్దున ఒకటి, సైకిలు దిగాక ఒకటి. నా షుగరు కారణాన నాకు వాసన మాత్రమే అనుమతించారు.

మా అబ్బాయి రాజమండ్రి నుంచి ప్రోటీను పొడి డబ్బా ఒకటి తెచ్చాడు. ఆ ఖరీదుకి మా ఇంటికి రెండు నెలల పప్పులొస్తాయి. తినలేని రోగులకి అవి అవసరం గాని, పళ్ళున్నవాళ్ళకెందుకన్నాడు డాక్టరు. డబ్బా మాత్రం మంచిది. ఇప్పుడు అందులో పెసలు పోసుకున్నాం.

బియ్యం, పప్పు కలిపి ఎందుకు తినాలో చంటికి ఇలా చెప్పాను. బియ్యం అనే కుర్రవాడు లైసీన్ అనే పాఠంలో మొద్దు. పప్పు అనే కుర్రవాడు ఆ పాఠంలో దిట్ట, మెథియోనిన్ పాఠంలో మాత్రం వాడు వెనకబడ్డాడు. ఇద్దర్నీ ఒక బెంచీ మీద కూర్చోబెడితే ఇద్దరూ పాసు. “కాపీ కొట్టా?” అన్నాడు చంటి. కాపీయే మరి. 1971లో లాపే అనే అమెరికా ఆవిడ ఇద్దరూ ఒకే భోజనంలో ఉండాలని ఒక పుస్తకం రాసింది. పదేళ్ళ తరవాత ఆవిడే, అంత పట్టింపు అక్కర్లేదని దాన్ని దిద్దుకుంది. రోజు మొత్తం మీద రెండూ పడితే చాలు. మన పులగంలో రెండు పాళ్ళ బియ్యానికి ఒక పాలు పెసరపప్పు, ఇడ్లీలో రెండు పాళ్ళ రవ్వకి ఒక పాలు మినప్పప్పు. ఈ పాళ్ళు మా అమ్మకి ఏ పట్టికా చూడకుండా తెలుసు. మేమే పులగం జ్వరం పథ్యమనీ, పెసరట్టు హోటలు తిండనీ పక్కన పెట్టేశాం.

నా నోటుబుక్కు ఇప్పుడిలా ఉంది: పెసరట్టుకి పెసలు యాభై గ్రాములు, పదకొండు. మధ్యాహ్నం చారు కాదు, గరిటె నిలబడే పప్పు, నలభై గ్రాములు, తొమ్మిది. గట్టి పెరుగు అయిదు. సాయంత్రం సెనగలు ఏడు. పడుకునే ముందు గ్లాసు పాలు ఏడు. అన్నం నూట యాభైకి దించాను, పన్నెండు. రాత్రి పుల్కాలు ఎనిమిది. కూరలు మూడు. కూడి చూసుకోండి. దానితో పాటు రోజుకి ఇరవైసార్లు కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ఊరికే తింటే కండ రాదుట.

ఈ నోటుబుక్కు మా బావమరిది నకలు రాసుకు వెళ్ళి నెల్లాళ్ళు ఆచరించాడు. ఆయనకి మూత్రపిండాల జబ్బు ఉందన్న సంగతి ఆయనకీ గుర్తు లేదు, నాకూ తోచలేదు. వాళ్ళ డాక్టరు ఆయన్నీ, ఫోనులో నన్నూ కలిపి చివాట్లు పెట్టాడు. అలాంటివాళ్ళకి లెక్క వేరే ఉంటుంది, అది డాక్టరే వెయ్యాలి. నా నోటుబుక్కు నాది.

జూన్ రెండో వారంలో కోడలు వచ్చింది. చంటిని తూకం మిషను ఎక్కించాం. ఏడు వందల గ్రాములు పెరిగాడు. ఆవిడ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళి, కిలో పంచదార పొట్లం తెచ్చి ఆ మిషను మీద పెట్టింది. సరిగ్గా కిలో చూపించింది. అప్పుడు నవ్వింది. వెళ్ళేటప్పుడు సున్నుండల డబ్బాతో పాటు పప్పు ఎంత వెయ్యాలో కాగితం మీద రాయించుకుంది.

జూలై ఆఖరుకి గోదావరికి ఎర్రనీరొచ్చింది. పులస వచ్చింది. మా ఆవిడ పెరట్లో పులసపులుసు పెట్టిన రోజు నేను పని కల్పించుకుని పాలకొల్లు వెళ్ళి, క్షీరారామ లింగేశ్వరుడి గుళ్ళో సాయంత్రం దాకా కూర్చున్నాను. భక్తి అని చెప్పను. సెప్టెంబరులో వినాయకచవితి పూజకి పీట మీద కూర్చుని లేచాను. ఒక చెయ్యి ఆనించాను లెండి.

దసరా సెలవుల్లో చంటి నన్ను పెరట్లోకి పిలిచి, గంప కింద పెట్టని చూపించి, “తాతయ్యా, గుడ్డు తింటే పెట్టకేం కాదు కదా?” అన్నాడు. ఏం కాదన్నాను. “అయితే నేను గుడ్డు తింటాను. నువ్వేమీ అనుకోకు” అన్నాడు. నా మాట నా గురించేననీ, వాడి ఇష్టం వాడిదనీ చెప్పాను. నిజం చెప్పాలంటే ఒక పక్క గుండె బరువు దిగింది. ఇంకో పక్క క్లాసులో నాతో మిగిలిన ఒక్క కుర్రవాడూ లేచి వెళ్ళిపోయినట్టుంది. కోడలికి ఫోను చేసి చెబితే, “అలాగా మావయ్యగారూ” అని ఊరుకుంది. ఆ ఊరుకోవడంలో ఎంత సంతోషం ఉందో నాకు వినిపించింది.

2024 కనుమకి అందరూ మళ్ళీ వచ్చారు. అల్లుడికి కోడికూర పాలకొల్లు నుంచి తెప్పించారు. మా పెరటి కోళ్ళ జోలికి ఎవరూ పోలేదు. నాకూ చంటికీ గారెల్లోకి అల్లప్పచ్చడి, పెరుగు. వేడివేడి గారె ఒకటి తీసుకెళ్ళి నేను తక్కెడలో పెట్టాను, దీంట్లో మినుము ఎంత ఉంటుందో వాడికి లెక్క చెబుదామని. కళ్ళజోడు కోసం ఇటు తిరిగి అటు చూసేసరికి తక్కెడ ఖాళీగా ఉంది. చంటి నోటినిండా గారె పెట్టుకుని, “చల్లారిపోతోంది తాతయ్యా” అన్నాడు.